మెడ మీది వాంగ్మూలం

నా మొదటి అనువాదం మీద నేను సంతకం పెట్టలేదు. మానుకోట కచేరీలో ఒక అధికారి బల్ల గుద్ది పెట్టమన్నాడు. పెట్టలేదు. ఏడాది తర్వాత జనగామలో, ఎవరూ అడక్కుండానే పెట్టాను. ఈ రెండింటి మధ్య ఉన్నదే నా సాహిత్య జీవితం. ఆ తర్వాత చేసిందంతా ఓపిక.

సన్మాన సభల్లో ఒక వరస ఉంటుంది. శాలువా కప్పే ముందు ఒకాయన లేచి నాకు వచ్చిన భాషలన్నీ ఏకరువు పెడతాడు. తెలుగు, ఉర్దూ, లంబాడీ, కోయ, ఇంగ్లీషు. నేను తెచ్చిన సంకలనాల పేర్లు చదువుతాడు. చదవడం అయ్యాక నా వైపు తిరిగి, ఇన్ని భాషలు ఎలా నేర్చుకున్నారమ్మా అని మురిపెంగా అడుగుతాడు. దుకాణంలో అంటాను. అందరూ నవ్వుతారు. నేను పరాచికాలాడుతున్నానని వాళ్ళ నమ్మకం. నాకేమో ఒళ్ళు మండుతుంది.

మా నాయిన నర్సింగరావుకు తొర్రూరులో నిజంగానే దుకాణం ఉండేది. కొత్తగూడ అడవి నుంచి లంబాడీలు, కోయలు తెచ్చే ఇప్పపువ్వు, బంక, కుంకుడుకాయలు కొని వాళ్ళకు ఉప్పు, బెల్లం, గుడ్డ అమ్మేవాడు. ఎదుటివాళ్ళ మాట రాకపోతే బేరం నడవదు కాబట్టి మా ఇంట్లో భాషలు నేర్చుకోవడం చదువు కిందికి రాదు, బతుకుతెరువు కిందికి వస్తుంది. ఉర్దూ, ఇంగ్లీషు హనుమకొండ బడిలో వచ్చాయి. లంబాడీ మాత్రం మోతీ నేర్పింది.

మోతీ నాకంటే కొంచెం పెద్దది. కొత్తగూడ దగ్గరి తండా నుంచి బంక మూట నెత్తిన పెట్టుకొని వచ్చేది. తూకం అయ్యేదాకా నా పక్కన కూర్చొని నా జడ విప్పి మళ్ళీ వేసేది. నేను ఆమెను బాయి అని పిలిచేదాన్ని. లంబాడీలో అక్కను అలా పిలుస్తారు. ఆమె వెంట తమ్ముడు హీర్యా వచ్చేవాడు. వాడికి తొర్రూరులో కొన్న కిర్రుచెప్పులంటే ప్రాణం. అడవిలో పుట్టి పెరిగినవాడు చెప్పులు లేనిదే అడుగు తీసి అడుగు వేయడని మోతీ వాడిని ఏడిపించేది. వాడు వస్తున్నాడని ఆ చప్పుడు మాకు వీధి మలుపులోనే చెప్పేది.

పదహారేళ్ళకు నాకు పెళ్ళి చేశారు. రెండేళ్ళు గడవకుండానే మలేరియా జ్వరంతో ఆయన పోయాడు. నన్ను తిరిగి తొర్రూరు తెచ్చి, దుకాణం వెనక గదిలో కూర్చోబెట్టారు. వచ్చిన చుట్టాలందరూ ఒకటే మాట. గట్టిగా ఏడవకు, దుకాణంలో గిరాకీ ఉంది. నేను కొంగు నోట్లో కుక్కుకొని ఏడ్చాను. ఇప్పటికీ ఆ మాట గుర్తొస్తే పళ్ళు కొరుకుతాను.

అప్పుడు మోతీ వచ్చింది. దుకాణం నిండా జనం. మూట గడపలో పడేసి, తూకం దగ్గర నిలబడ్డవాళ్ళను తోసుకుంటూ వెనక గదిలోకి వచ్చింది. నేను బాయీ అన్నాను. పలకలేదు. ఒక్క మాట మాట్లాడలేదు. రెండు చేతులూ నా మెడ చుట్టూ వేసి, తల నా భుజం మీద ఆనించి రాగం తీసింది. దాన్ని వాళ్ళు ఢావ్లో అంటారు. చావు తర్వాత ఇద్దరు ఆడవాళ్ళు మొదటిసారి కలిస్తే, ఒకరి మెడ ఒకరు పట్టుకొని అలా ఏడ్వాలి. ఆ ఏడుపులోనే పోయినవాళ్ళు ఎట్లా పోయారో, ఎవరు దగ్గర ఉన్నారో, ఏం మిగిలిందో అన్నీ వరసగా వస్తాయి. అది కాకముందు ఆ చావు గురించి మామూలు మాటల్లో ఒక్క ముక్క కూడా నోట రాకూడదు. పట్టుకునే మెడ లేకపోతే ఢావ్లో లేదు. ఒంటరిగా తీయరు, చావు లేకుండా తీయరు, మగవాళ్ళకు వినిపించడానికి అసలే తీయరు.

మోతీ నా మెడ మీద పడి నా మొగుడి కోసం ఏడ్చింది. ఆయన్ని ఆమె చూసింది ఒక్కసారే. నేను గొంతు విప్పి ఏడ్చాను. గిరాకీ అంతా విన్నది. మా నాయిన తక్కెడ దించి, అది అయ్యేదాకా తల వంచుకొని కూర్చున్నాడు. అంతా అయ్యాక మోతీ కళ్ళు తుడుచుకొని మొదటి మాట అన్నది. "తిన్నవా?"

మరుసటి రోజు నుంచి నేను బొట్టు పెట్టుకున్నాను. ఎవరేమన్నారో ఇక్కడ రాసి వాళ్ళకు గౌరవం ఇవ్వను.

ఆ తర్వాత రజాకార్లు వచ్చారు, పోయారు. పటేళ్ళు, దొరలు ఊళ్ళు విడిచారు, మిలిటరీ లారీలు ఎక్కి తిరిగొచ్చారు. దొరలతో పోరాడిన సంఘం వాళ్ళు అడవిలోకి వెళ్ళారు. వాళ్ళకు అన్నం పెట్టారని తండాలను లేపి రోడ్ల పక్కకు తెచ్చి, చుట్టూ ముళ్ళకంచె వేశారు. కొత్తగూడ అంగడి బందయింది. మోతీ రావడం మానేసింది. కిర్రుచెప్పుల చప్పుడూ లేదు.

యాభయ్యో సంవత్సరం ఎండాకాలంలో జనగామ నుంచి ఉప్పలయ్య వకీలు మా దుకాణానికి వచ్చాడు. సంఘం కేసులు ఫీజు లేకుండా వాదించి, తానూ కొన్నాళ్ళు జైల్లో ఉండి వచ్చిన మనిషి. కూర్చోకుండానే విషయం చెప్పాడు.

హీర్యాను తండా నుంచి లారీలో తీసుకెళ్ళారు. భూపాలపల్లి అడవిలో ఒక పోలీసు క్యాంపు ఉంది, అక్కడికి. తర్వాత, తప్పించుకొని పరుగెత్తుతూ లోయలో పడి చచ్చాడని కబురు పంపారు. శవం ఇవ్వలేదు. పత్రికల్లో గొడవ అయ్యేసరికి సర్కారు విచారణ వేసింది. లారీ వచ్చినప్పుడు అక్కడే ఉండి, ఇంకా బతికి ఉన్న సాక్షి ఒక్కతే. మోతీ.

"రెండుమాట్ల పిలిచిండ్రు చెల్లె," అన్నాడు ఉప్పలయ్య. "రెండుమాట్లు నోరిప్పలే. లంబాడీ వచ్చిన ఫారెస్టు జవానును తర్జుమాకు పెట్టిండ్రు. ఆమె ఊకుంటె వాడు లేచి, ఈమెకు ఏం తెల్వదంటున్నది సాబ్ అని చెప్పిండు. గదే రాసుకున్నరు. ఇంకొక్క వాయిదా ఉన్నది. గప్పుడు గిట్లనే ఊకుంటె ఫైలు మూస్తరు. హీర్యా పారిపోయి సచ్చిండని సర్కారు ముద్ర పడ్తది."

"నన్ను ఏం చెయ్యమంటవన్నా?"

"ఆడమనిషిని తర్జుమాకు పెట్టుండ్రి అని దరఖాస్తు ఇచ్చిన. ఒప్పుకున్నరు. నువ్వు తప్ప ఎవరున్నరు?"

నేను నాయిన వైపు చూశాను. దుకాణం లైసెన్సు కచేరీ వాళ్ళ చేతిలోనే ఉంటుంది. సర్కారుకు కోపం వస్తే మరునాటికి తాళం పడుతుంది. ఆయన పంచె కొంగుతో తక్కెడ పళ్ళెం తుడిచాడు.

"ఆనాడు మోతీ నీ మెడ మీద పడి ఏడ్సినప్పుడు దుకాణం నిండ గిరాకి ఉండె," అన్నాడు చివరికి. "ఆమెను ఆపలే. నిన్ను ఏం మొఖం పెట్టుకొని ఆపుత బిడ్డా? పో."

మానుకోట కచేరీ వసారాలో ఒక పోలీసు జమేదారు బెంచీ మీద కాళ్ళు చాపుకొని కూర్చున్నాడు. పక్కన స్తంభానికి తెల్లకుక్క కట్టేసి ఉంది. బాగా మేపిన కుక్క. దాన్ని చూసి జనం ఎడంగా నడుస్తున్నారు. ఎందుకో నాకు అప్పటికి తెలియదు.

లోపల అధికారి పైనుంచి వచ్చినవాడు. ఆయనకు తెలుగు రాదు, ఇంగ్లీషూ ఉర్దూ మాట్లాడతాడు. పక్కన పేష్కారు ఉర్దూలో రాసుకుంటాడు. నాకు కుర్చీ వేశారు. విన్నది విన్నట్టు చెబుతానని ప్రమాణం చేయించారు. చివర సంతకం పెట్టాలని, నా సంతకం లేనిదే కాగితం చెల్లదని పేష్కారు హెచ్చరించాడు. ఆ ముక్క నేను గట్టిగా గుర్తుపెట్టుకున్నాను.

మోతీ గోడకు ఆనుకొని నేల మీద కూర్చుంది. అద్దాల ముసుగు కళ్ళ దాకా లాక్కుంది. నన్ను చూసింది. పలకరించలేదు.

"నీ తమ్ముణ్ణి తీసుకెళ్ళినప్పుడు నువ్వు ఏం చూశావు?" అధికారి అడిగాడు.

నేను లంబాడీలో అడిగాను. మోతీ నా ముఖంలోకి చూస్తూ ఉంది. పెదవులు వణుకుతున్నాయి గాని మాట లేదు.

అధికారి మళ్ళీ అడిగాడు. నేను మళ్ళీ అడిగాను. పేష్కారు కలం సిరాలో ముంచి, ఈసారీ అంతేనా అన్నట్టు నవ్వాడు. ఉప్పలయ్య తల పట్టుకున్నాడు.

నాకు మా వెనక గది గుర్తొచ్చింది. బాయీ అంటే పలకకుండా నా మీదికి వచ్చిన మోతీ గుర్తొచ్చింది. హీర్యా పోయాక మేమిద్దరం కలవడం ఇదే మొదటిసారి. మామూలు మాటల్లో ఆమె తమ్ముడి చావు చెప్పదు, చెప్పకూడదు. కంచె వేసిన తండాలో ఆడవాళ్ళు ఒకరి మీద ఒకరు పడి ఏడ్చుకునే ఉంటారు. ఇక్కడ మాత్రం, మగవాళ్ళ మధ్య, పట్టుకోవడానికి మెడ లేక ఆమె రెండు వాయిదాలు మూగగా కూర్చుంది. ఆ జవానుకు ఇది తెలియదా? తండాల్లో తిరిగిన మనిషి. తెలిసే ఆ మాట అన్నాడు.

నేను కుర్చీలోంచి లేచాను.

"తర్జుమా చేసే మనిషి తన చోటులో కూర్చోవాలి," అన్నాడు అధికారి.

"నా చోటు అది కాదు సాబ్," అని ఉర్దూలో చెప్పి, వెళ్ళి మోతీ ముందు మోకాళ్ళ మీద కూర్చున్నాను. రెండు చేతులూ ఆమె మెడ చుట్టూ వేశాను. నా వంతు అది. ఆమె ఒక్క క్షణం బిగుసుకుపోయింది. తర్వాత ఆమె చేతులు లేచాయి. మోచేతుల పైదాకా ఉన్న గాజులు నా మెడకు ఒత్తుకున్నాయి. రాగం లేచింది.

వసారాలో కుక్క ఒకసారి మొరిగింది.

ఆమె ఒక చరణం అన్నాక ఊపిరి తీసుకునే లోపు నేను తల పక్కకు తిప్పి, దాన్ని ఉర్దూలో గట్టిగా చెప్పాను. మళ్ళీ ఆమె భుజం మీద తల పెట్టాను. ఎవరి మెడ పట్టుకుంటారో వాళ్ళూ ఏడ్వాలి, అది మర్యాద. నాకు మర్యాద కోసం ఏడ్వాల్సిన అవసరం రాలేదు. హీర్యా నా తూకపు రాళ్ళతో ఆడుకున్నవాడు. ఏడుస్తూనే తర్జుమా చేశాను, ఒక్క మాట వదలకుండా చేశాను. ఆమె అన్నది ఇది:

తమ్ముడా, జొన్నగట్క ఇంకా పొయ్యి మీదనే ఉండె,
తెల్లకుక్క మన వాకిట్లకు వచ్చె.
కుక్క వెనుక జమేదారు వచ్చె,
జమేదారు వెనుక లారీ వచ్చె.
నేను కుట్టిన అంచు పాగతోనే
నీ చేతులు వెనక్కి విరిచి కట్టిరి.
చెప్పులు వేసుకుంటనంటివి, వేసుకోనియ్యకపాయె.
లారీ భూపాలపల్లి తొవ్వ పట్టె.
నీ చెప్పులు వాకిట్లనే నీ కోసం చూస్తున్నయి.
పారిపోయినవని చెప్పిరి తమ్ముడా,
చేతులు కట్టినోడివి, కాళ్ళకు చెప్పులు లేనోడివి,
నన్ను ఇడిసిపెట్టి ఏడికి పారిపోతివి?

తెల్లకుక్క అని నేను ఉర్దూలో అన్నప్పుడు గదిలో తలలన్నీ వసారా వైపు తిరిగాయి. జమేదారు కాళ్ళు దించి నిటారుగా కూర్చున్నాడు. పేష్కారు కలం కాగితం మీద కదల్లేదు. జనం ఎందుకు ఎడంగా నడుస్తున్నారో నాకు అర్థమైంది.

మోతీ ఆగింది. ముసుగుతో నా కళ్ళు తుడిచింది, తన కళ్ళు తుడుచుకుంది. ఇక ఆమె మామూలుగా మాట్లాడగలదు. ఏం అడిగినా చెప్పగలదు. నేను ఆ మాటే అధికారికి చెప్పాను.

ఆయన నా వైపు చూడలేదు, వసారా వైపూ చూడలేదు. ముందున్న కాగితం వైపు చూస్తూ పేష్కారుతో అన్నాడు. "రాయి. సాక్షి ఏడ్చింది. విచారణ ముగిసింది."

"ఏడ్చింది కాదు సాబ్, చెప్పింది," అన్నాను.

"చెప్పడం వేరు, పాడి ఏడ్వడం వేరు."

"వాళ్ళ దగ్గర వేరు కాదు. చావును ఇట్లాగే చెబుతారు. నేను మాట మాటా తర్జుమా చేశాను. పేష్కారు సాబ్ ఎందుకు రాయలేదు?"

"పైగా తర్జుమా చేసే మనిషి సాక్షిని కౌగిలించుకుంది. నీది నిష్పక్షపాతమైన అనువాదం ఎలా అవుతుంది?"

ఆ రోజుల్లో నాకు ఇంత నోరు ఉండేది కాదని మా వాళ్ళు అంటారు. అది అప్పుడే పుట్టి ఉంటుంది. "ముట్టుకోని జవాను తర్జుమా మీరు రెండుసార్లు రాసుకున్నారు సాబ్. మాట్లాడని మనిషితో ఏం తెల్వదని అనిపించాడు. అది నిష్పక్షపాతమా?" అన్నాను.

ఆయన బల్ల గుద్దాడు. పేష్కారు కాగితం నా ముందు పెట్టాడు. పైన ప్రశ్న, కింద ఒకే ఒక్క ముక్క, సాక్షి ఏడ్చింది. దాని కింద, తర్జుమా సరైనదని నేను సంతకం పెట్టడానికి గీత గీసి ఉంది.

"పెట్టను," అన్నాను. "అబద్ధం చదివి సంతకం పెట్టమని నాతో ప్రమాణం చేయించలేదు."

"జైలుకు పంపిస్తాను."

"పంపించండి. అక్కడా లంబాడీ వచ్చినవాళ్ళు ఉంటారు."

జైలుకు పంపలేదు. సాయంత్రం దాకా వసారాలో నిలబెట్టారు, ఆ జమేదారుకూ ఆ కుక్కకూ ఎదురుగా. భయపడతానని అనుకున్నారేమో. భయపడ్డాను కూడా, అబద్ధం ఎందుకు. కానీ ఆ కుక్కను పొద్దు వాలేదాకా రెప్ప వేయకుండా చూశాను. చివరికి జమేదారే దాన్ని విప్పుకొని వెళ్ళిపోయాడు. పక్కన మోతీ కూర్చొని, కొంగున కట్టుకొచ్చిన జొన్నరొట్టె తుంచి నా నోట్లో పెట్టింది. నా మెడ మీద ఆమె గాజుల అచ్చులు ఎర్రగా లేచాయి.

సంతకం లేని కాగితం చెల్లలేదు. ఫైలు మూయలేకపోయారు, తెరవనూ లేదు. హీర్యా పారిపోయాడని ముద్ర మాత్రం పడలేదు. మా దుకాణానికి తాళం పడింది. మా నాయిన ఎడ్లబండి మీద ఉప్పూ బెల్లం పెట్టుకొని ఊరూరా తిరిగి అమ్మాడు. ఎవరైనా ఎందుకయ్యా ఈ తిప్పలు అంటే, "మా బిడ్డ దస్తకతు శాన పిరం," అని నా సంతకం ఖరీదు చెప్పి నవ్వేవాడు.

అక్కడితో కథ అయిపోతే సర్కారును తిట్టుకొని ఊరుకునేదాన్ని. అది తేలిక.

మరుసటి ఏడు ఉప్పలయ్య మళ్ళీ వచ్చాడు. పోరాటంలో జనం కట్టుకున్న పాటలన్నీ పోగుచేసి పుస్తకం వేయాలని, తెలుగువి తాను తెస్తాడని, ఉర్దూవి, కోయవి, లంబాడీవి నేను తెలుగు చేసి అన్నింటినీ కూర్చాలని అడిగాడు. జనగామ రైలు స్టేషను వెనక అతని స్నేహితుడికి చిన్న అచ్చాఫీసు ఉంది. నేను ఎగిరి గంతేశాను. బండి ఎక్కి, కాలినడకన, తండాలు గూడేలు తిరిగి రాసుకొచ్చాను. మోతీ ఢావ్లోను మొదటి పేజీలో పెట్టమని ఇచ్చాను.

ప్రూఫులు చూడ్డానికి జనగామ వెళ్ళాను. మొదటి పేజీ తీశాను. పైన "లంబాడీ జానపద గీతం" అని ఉంది. కింద "కర్త: అజ్ఞాత" అని ఉంది. తెల్లకుక్క లేదు, జమేదారు లేడు, భూపాలపల్లి లేదు. ఆ చోట్లలో శత్రువు అన్న మాట ఉంది. చెప్పులు లేవు, చేతులు కట్టిన పాగ లేదు. చివర నాలుగు కొత్త చరణాలు ఉన్నాయి, లెమ్మని, కొట్టమని, గెలుద్దామని.

"ఎవరు రాసిండ్రు గివి?"

ఉప్పలయ్య కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు. "ఏడుపుతోటి ఆగిపోతె జనం దిగాలు పడ్తరు చెల్లె. జర లేవాలె గదా. అందుకని కలిపిన."

"చెప్పులెందుకు తీసినవు?"

"చెప్పులేంది చెల్లె, పాటల చెప్పులు బాగుంటయా? ఇగ జమేదారు ముచ్చట పెడితే, వారం తిరగకముందే అచ్చాఫీసుకు సీలు వేస్తరు. ఆమె పేరు పెడితే ఆమె మీదికి లారీ పోతది. నేను ఆమె మంచికే చేసిన."

అతను మంచివాడు. ఆ మాట ఇన్నేళ్ళ తర్వాత కూడా ఒప్పుకుంటాను. ఆ పూట మాత్రం కచేరీ అధికారి కంటే అతని మీదే ఎక్కువ కోపం వచ్చింది. "కచేరీల వాడు ఏడుపు అని రాసి ఆమె నోరు మూసిండు. నువ్వు పాట అని రాసి మూసినవు. చేతులు కట్టిన ముచ్చట వాళ్ళు రాసుకోలే, నువ్వు గూడ ఆ కట్టు మాయం చేసినవు. ఇగ హీర్యా పారిపోలేదని చెప్పేటోళ్ళెవరు?"

అతను కళ్ళజోడు మళ్ళీ పెట్టుకున్నాడు. "పోయి ఆమెనే అడుగు," అన్నాడు. "ఆమె పేరు పెట్టమంటె పెడ్త. లారీ వస్తె వచ్చేది ఆమె మీదికి గదా."

ఆ మాట న్యాయమైనది. నేను కొత్తగూడ వెళ్ళాను.

ముళ్ళకంచె అప్పటికి తీసేశారు. మోతీ పొయ్యి ముందు కూర్చొని ఉంది. గుడిసె లోపల, గోడకు కొట్టిన మేకుకు హీర్యా చెప్పులు వేలాడుతున్నాయి. మేము ఒకసారి ఏడ్చేశాం కాబట్టి ఈసారి ఏడుపు లేదు, తిన్నవా అనే అడిగింది. నేను కాగితం తీసి, ఆమె అన్న మాటలు ఆమెకు వినిపిద్దామని లంబాడీలో మొదలుపెట్టాను. మొదటి చరణం అయ్యీ కాకముందే పిండి చేతితో నా నోరు మూసింది.

"చావు లేకుండ గది అనొద్దు సుగుణా. ఇంకో చావును పిలిచినట్లయితది."

"మరి కాయిదం మీద ఉండొచ్చునా బాయి?"

ఆలోచించింది. "కాయిదం రాగం తియ్యదు గదా. ఉండనియ్యి."

నేను ఉన్నదున్నట్టు చెప్పాను. పేరు పెడితే లారీ రావచ్చు. పెట్టకపోతే, ఎవరో పేరు తెలియనివాళ్ళు పాడుకున్న పాట అవుతుంది. తెల్లకుక్కను తీసేయాలా, ఉంచాలా, నువ్వే చెప్పమన్నాను. మోతీ రొట్టె పెనం మీద తిరగేసింది. కాలిన వైపును వేలితో ఒత్తి చూసింది.

"నా తమ్మునికి పేరు లేదా?" అన్నది.

"ఉన్నది."

"నాకు లేదా?"

"ఉన్నది బాయి."

"మరి ఎవలో అని ఎందుకు రాస్తరు? లారీ ఒక్కపారి వచ్చింది, నేను సావలే. కుక్కను ఉండనియ్యి. చెప్పులు గూడ ఉండనియ్యి." రొట్టె నా చేతిలో పెట్టి, ఇంకా తృప్తి లేనట్టు నన్నే చూసింది. "ఇంకోటి రాయాలె. ఎవరి మెడ మీద ఏడ్సిన్నో గది రాయి. మెడ లేకుంటనె ఏడ్సిన అని కాయిదంల పెడితే మా ఆడోళ్ళు నవ్వుతరు. పిచ్చిది, గాలికి ఏడ్సింది అంటరు."

నేను జీవితంలో అనువాదం గురించి చాలా ఉపన్యాసాలు విన్నాను, కొన్ని ఇచ్చాను కూడా. దీనికి మించిన మాట ఎవరి నోటా వినలేదు.

జనగామ తిరిగొచ్చి, మొదటి పేజీ అక్షరాలన్నీ విప్పించి కొత్తగా పేర్పించాను. ఉప్పలయ్య పక్కనే నిలబడ్డాడు. అతను కలిపిన చరణాలు పోయాయి. కుక్కా, చెప్పులూ తిరిగొచ్చాయి. చివర నేను చెప్పింది కంపోజిటరు పేరుస్తుంటే మాత్రం అతను ఆగలేకపోయాడు.

"పుస్తకంల దస్తకతు ఏంది చెల్లె? గిదేమన్న దస్తావేజా?"

"అవునన్నా," అన్నాను. "మానుకోటల ఒక గీత ఖాళీగ ఉన్నది. గది నిండాలె."

"ప్రకాశకుడు అని నా పేరు గూడ వెయ్యి మరి," అన్నాడు అతను. "నీ ఒక్కదాని మీదికే ఎందుకు రావాలె?"

అతను చెప్పినట్టే వారం తిరక్కముందే అచ్చాఫీసుకు సీలు పడింది. మమ్మల్నిద్దరినీ ఠాణాకు పిలిచి కూర్చోబెట్టారు. మిగిలిన పుస్తకాలు పట్టుకుపోయారు. కానీ అప్పటికే సగం జనగామ నుంచి రైలెక్కాయి. మానుకోటలో దిగాయి, తొర్రూరులో మా నాయిన బండి మీద బెల్లం మూటల పక్కన ప్రయాణం చేశాయి. తెల్లకుక్కతో తిరిగే జమేదారును కొన్నాళ్ళకు ఎక్కడికో బదిలీ చేశారని విన్నాను. శిక్ష పడలేదు. అది నాకు ఇప్పటికీ కడుపుమంటే. మోతీ మీదికి మాత్రం లారీ రాలేదు.

అప్పటి నుంచి నేను కూర్చిన ప్రతి సంకలనంలో, ప్రతి పాట కింద ఎవరు చెప్పారో, ఎవరు విన్నారో ఉంటుంది. ఇది సాహిత్యమా, కచేరీ కాగితమా అని పెద్దలు ఎకసెక్కాలాడారు. ఒక పెద్దమనిషి, అజ్ఞాత అన్న మాటలో ఎంత అందం ఉంది సుగుణమ్మా అన్నాడు. ఆ అందాన్ని మీ పుస్తకం మీద పెట్టుకోండి, మీ పేరు తీసేసి, అన్నాను. ఆయన నాతో మళ్ళీ మాట్లాడలేదు.

సన్మానాల్లో ఇకముందు నాకు వచ్చిన భాషలు చదవకండి. చదవాలనిపిస్తే ఆ మొదటి పేజీ చివర ఉన్నది చదవండి. పైన చరణాలను మాత్రం రాగం తీసి పాడకండి, మోతీ వద్దన్నది. చివర ఇలా ఉంటుంది:

సాక్షి: మోతీ, హీర్యాకు అక్క, కొత్తగూడ తండా.
ఎవరి మెడ మీద చెప్పింది: సుగుణ, నర్సింగరావు బిడ్డ, తొర్రూరు.
సాక్షి ఏడ్చింది. ఏడ్చి చెప్పింది. తర్జుమా సరిగా ఉన్నది.
సంతకం: సుగుణ.